వైద్య పరిశోధనలో డబ్బు జాడ: ప్రకటన ఒక్కటే ఎందుకు చాలదు

2000 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వయాక్స్ అనే నొప్పి మాత్ర మీద ఒక పరిశోధన అచ్చయింది. విగర్ అని పేరు పెట్టిన ఆ ట్రయల్‌లో కీళ్లవాతం ఉన్న 8 వేల మందికి పైగా పాల్గొన్నారు. సగం మందికి వయాక్స్, మిగతా సగానికి నాప్రాక్సెన్ అనే పాత మందు ఇచ్చారు. వయాక్స్ వాడినవాళ్లకు కడుపులో పుండ్లు, రక్తస్రావం తక్కువని తేలింది. గుండెపోట్లు మాత్రం వాళ్లలోనే ఎక్కువ: నాప్రాక్సెన్ వాడినవాళ్లలో 0.1 శాతం ఉంటే, వయాక్స్ వాడినవాళ్లలో 0.4 శాతం. ఈ తేడాకు వ్యాసకర్తలు వేరే అర్థం చెప్పారు. వయాక్స్ గుండెకు చెరుపు చేయలేదట, నాప్రాక్సెనే గుండెను కాపాడి ఉంటుందట.

ట్రయల్ ఖర్చంతా వయాక్స్ తయారుచేసిన మెర్క్ కంపెనీదే. రచయితల్లో ఆ కంపెనీ ఉద్యోగులూ ఉన్నారు. ఈ సంగతులు ఎవరూ దాచలేదు, పేపర్లోనే ఉన్నాయి. అయినా మూడు గుండెపోట్లు ఆ పేపర్లో లెక్కకు రాలేదు. వయాక్స్ వాడినవాళ్లలో 20 గుండెపోట్లు వస్తే అచ్చయిన లెక్కలో 17 ఉన్నాయి. ఆ మూడింటి సంగతి కనీసం ఇద్దరు రచయితలకు అచ్చుకు నెలల ముందే తెలుసని జర్నల్ సంపాదకులు 2005 డిసెంబరులో ఒక ఆందోళన ప్రకటనలో రాశారు. ముందుగా పెట్టుకున్న గడువు తేదీ దాటాక వచ్చినవి కాబట్టి చేర్చలేదని రచయితలు జవాబిచ్చారు. ఆ గడువు గుండె జబ్బులకు ఒకటి, కడుపు జబ్బులకు మరొకటి. మందుకు మేలు చూపించే కడుపు లెక్క ఇంకో నెల ఎక్కువ నడిచింది. పరీక్షకు కాపలా కాయాల్సిన భద్రతా పర్యవేక్షణ బృందం అధ్యక్షుడి కుటుంబానికి మెర్క్ షేర్లు ఉన్నాయని, ట్రయల్ ముగియడానికి కొద్దివారాల ముందు ఆయనకు అదే కంపెనీతో సలహాదారు ఒప్పందం కుదిరిందని కూడా తర్వాత బయటపడింది.

2004 సెప్టెంబరు 30న మెర్క్ వయాక్స్‌ను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. పెద్దపేగులో పాలిప్స్ మళ్లీ రాకుండా ఆపుతుందేమోనని చేసిన అప్రూవ్ అనే మరో ట్రయల్‌లో, పద్దెనిమిది నెలలు దాటి వాడినవాళ్లలో గుండె, మెదడు రక్తనాళాల ముప్పు దాదాపు రెట్టింపయిందని తేలడం దీనికి కారణం. రోఫెకాక్సిబ్ పేరుతో మన కంపెనీలు అమ్మిన అదే మందును భారత ప్రభుత్వం ఆ ఏడాది డిసెంబరులో నిషేధించింది. మూడు గుండెపోట్ల సంగతి ఎవరికి ఎప్పుడు తెలిసిందో రుజువు చేసిన కాగితాలు జర్నల్ సమీక్షకుల చేతికి రాలేదు. మెర్క్ మీద నడిచిన దావాల్లో కోర్టు అడిగితే బయటికొచ్చాయి.

ఈ చివరి వాక్యం దగ్గర పాఠకుడు కాస్త ఆగాలని నా కోరిక. వైద్య పరిశోధనలో విరుద్ధ ప్రయోజనాల గురించి మాట్లాడినప్పుడల్లా పేపరు చివర రచయితలు తమ సంబంధాలు ప్రకటించాలన్న నియమం దగ్గరే చర్చ ఆగిపోతోంది. అందుబాటులో ఉన్న సాక్ష్యం చూస్తే, ఆ నియమం అవసరమే కానీ అది కాపాడేది చాలా తక్కువ. అసలు నిజం బయటపడ్డ ప్రతిచోటా పనిచేసింది కోర్టు ఫైళ్లు, నియంత్రణ సంస్థల రికార్డులు, ముడి సమాచారం.

విరుద్ధ ప్రయోజనం అంటే నేరమని కాదు. రోగి మేలు, శాస్త్ర సత్యం అనే మొదటి బాధ్యత మీద డబ్బు, పదవి, పేరు వంటి రెండో ప్రయోజనం ప్రభావం చూపే వీలున్న పరిస్థితి అది. ఆ పరిస్థితిలో ఉన్న మనిషి నిజాయితీపరుడే కావచ్చు. అందుకే ఒక్కొక్కరి మనసులో ఏముందో వెతకడం కంటే, వందల పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏం కనబడుతుందన్నదే సరైన ప్రశ్న.

అలా చూసిన పనుల్లో 1998లో స్టెల్‌ఫాక్స్ బృందం చేసింది ఇప్పటికీ చదవదగ్గది. రక్తపోటుకు వాడే కాల్షియం ఛానెల్ బ్లాకర్లు సురక్షితమా కాదా అన్న వాదం అప్పుడు గట్టిగా నడుస్తోంది. ఆ వాదంలో రాసినవాళ్లకు ఆ మందుల కంపెనీలతో ఆర్థిక సంబంధాలు ఉన్నాయా అని వీళ్లు అడిగి చూశారు. మందుల్ని సమర్థించినవారిలో 96 శాతం మందికి ఉన్నాయి. తటస్థంగా ఉన్నవారిలో 60 శాతానికి, విమర్శించినవారిలో 37 శాతానికి ఉన్నాయి. పక్కవారి పొగ పీల్చడం మీద వచ్చిన 106 సమీక్షా వ్యాసాలను అదే ఏడాది బార్న్స్, బీరో పరిశీలించారు. హాని లేదని తేల్చిన వ్యాసాల్లో నాలుగింట మూడు వంతులు పొగాకు పరిశ్రమతో సంబంధం ఉన్నవాళ్లు రాసినవే. 2017లో కొక్రేన్ సంస్థ కోసం లుంద్ బృందం 75 అధ్యయనాలను కలిపి చూసింది. కంపెనీ ఖర్చుతో చేసిన మందుల, పరికరాల పరిశోధనల్లో అనుకూల ఫలితాలు వచ్చే అవకాశం ఇతరుల డబ్బుతో చేసినవాటికంటే 1.27 రెట్లు, అనుకూల ముగింపులు రాసే అవకాశం 1.34 రెట్లు ఎక్కువ.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. గెలుస్తుందనిపించిన మందుకే కంపెనీ పెద్ద ట్రయల్ పెడుతుంది కాబట్టి అనుకూల ఫలితాలు కొంత ఎక్కువ రావడం సహజం అనే వాదన ఉంది. అందులో కొంత పస ఉంది. ఈ లెక్కలు సంబంధాన్ని చూపిస్తాయి, ఒక్కో పేపరులో తప్పు జరిగిందని నిరూపించవు. కానీ లుంద్ సమీక్షలో మరో విషయం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. పరిశోధన నాణ్యతను కొలిచే మామూలు తూనికల్లో కంపెనీ ట్రయల్స్ ఇతరవాటికి తీసిపోలేదు. ఎవరికి ఏ మందు ఇస్తున్నారో తెలియకుండా ఉంచడంలో కొంచెం మెరుగ్గా కూడా ఉన్నాయి. అంటే వంపు ఎక్కడో వేరేచోట ఉంది. పోటీ మందుగా దేన్ని, ఎంత మోతాదులో పెట్టారు, ఎన్నాళ్లు చూశారు, ఏ ఫలితాన్ని ముఖ్యమన్నారు, దేన్ని అచ్చువేశారు అన్న ఎంపికల్లో. అంకెలు దిద్దకుండానే జవాబును ఒకవైపు మళ్లించే మార్గాలివి.

వీటిలో ఫలితాల ఎంపికకు 329వ అధ్యయనం కంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు. కౌమారంలోని 275 మంది డిప్రెషన్ రోగుల మీద స్మిత్‌క్లైన్ బీచమ్ 1990లలో చేయించిన ట్రయల్ అది. 93 మందికి ఆ కంపెనీ మందు పారాక్సెటిన్, 95 మందికి ఇమిప్రమిన్ అనే పాత మందు, 87 మందికి ప్లసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) ఇచ్చారు. ముందుగా రాసుకున్న ప్రణాళికలో రెండు ప్రధాన ఫలితాలు, ఆరు ద్వితీయ ఫలితాలు ఉన్నాయి. ఈ ఎనిమిదింటిలో ఒక్కదానిలో కూడా పారాక్సెటిన్ ప్లసిబోను మించలేదు. ఆ మందు పనిచేయలేదని రాయడం వ్యాపారపరంగా ఒప్పుకోదగ్గది కాదని 1998 నాటి కంపెనీ అంతర్గత పత్రం చెబుతుంది. 2001లో అమెరికా పిల్లల, కౌమార మనోవైద్యుల అకాడమీ జర్నల్‌లో 22 మంది పేర్లతో వచ్చిన పేపర్ మాత్రం మందు బాగా పనిచేస్తుందని, పిల్లలు సాధారణంగా బాగానే తట్టుకున్నారని ముగించింది. తర్వాత చేర్చిన కొలతల్లో కొన్ని అనుకూలంగా రావడమే ఆ ముగింపుకు ఆధారం. మొదటి ముసాయిదా రాసింది కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్న వృత్తి రచయిత.

దుష్ప్రభావాల పట్టికలో ఉన్నది మరీ బాధ కలిగిస్తుంది. ఆత్మహత్య ఆలోచనలు, తమను తాము గాయపరచుకోవడం వంటివి అందులో 'భావోద్వేగ చంచలత' అన్న గడిలో పడ్డాయి. పట్టికను వేగంగా చదివే డాక్టర్‌కు ఆ గడిలో చావుబతుకుల ప్రశ్న ఉందని తోచే వీలే లేదు. 2003లో బ్రిటన్ నియంత్రణ సంస్థ 18 ఏళ్లలోపువారిలో డిప్రెషన్‌కు ఈ మందు వాడొద్దని చెప్పింది. 2004లో న్యూయార్క్ అటార్నీ జనరల్ కంపెనీ మీద మోసం దావా వేశారు. ఆ దావా రాజీతో ముగిసింది; అందులో భాగంగా ట్రయల్ నివేదికలు ఆన్‌లైన్‌లో పెట్టడానికి, అప్పటికే గ్లాక్సోస్మిత్‌క్లైన్‌గా మారిన సంస్థ ఒప్పుకుంది. 2012లో అమెరికా ప్రభుత్వంతో 300 కోట్ల డాలర్ల ఒప్పందంలో, పిల్లల్లో పారాక్సెటిన్ వాడకాన్ని ప్రోత్సహించిన ఆరోపణ కూడా ఉంది.

2015లో ఒక స్వతంత్ర బృందం అదే ట్రయల్‌ను మళ్లీ విశ్లేషించి బీఎంజే అనే వైద్య జర్నల్‌లో ప్రచురించింది. ఒక్కో రోగికి సంబంధించిన రికార్డులు మొత్తం దాదాపు 77 వేల పేజీలు. కంపెనీ వాటిని బయటికి ఇవ్వలేదు, తన కంప్యూటర్ వ్యవస్థలోకి దూరం నుంచి ఒకే కిటికీ ద్వారా చూడనిచ్చింది. ఆ పేజీల్లో మూడో వంతు చూడడానికే దాదాపు వెయ్యి గంటలు పట్టిందని ఆ బృందం రాసింది. పారాక్సెటిన్ పనిచేయలేదు, సురక్షితం కూడా కాదు అని వాళ్లు తేల్చారు. 2001 పేపర్ చెప్పినదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ఒక్క ట్రయల్‌కే ఇంత పని పడితే, వేల ట్రయల్స్ మీద ఆధారపడే వైద్యం సంగతి ఏమిటని అడగక తప్పదు.

ఇదొక విడి ఉదంతమని కొట్టిపారేయడానికీ వీల్లేదు. 2008లో ఎరిక్ టర్నర్ బృందం 12 డిప్రెషన్ మందుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన 74 ట్రయల్స్ తీసుకుని, ఆ ఫైళ్లను అచ్చయిన పేపర్లతో పోల్చింది. ఎఫ్‌డీఏ అనుకూలమని తేల్చిన 38లో 37 అచ్చయ్యాయి. ప్రతికూలమనో అనుమానాస్పదమనో తేల్చిన 36లో 22 అసలు అచ్చే కాలేదు, 11 అనుకూలంగా ఉన్నట్టు అచ్చయ్యాయి, మూడు మాత్రమే ఉన్నది ఉన్నట్టు వచ్చాయి. జర్నల్స్ మాత్రమే చదివిన డాక్టర్‌కు 94 శాతం ట్రయల్స్ గెలిచినట్టు కనబడుతుంది, ఎఫ్‌డీఏ ఫైళ్లు చదివితే 51 శాతమే. ఇందులో మందులు పనికిరావని లేదు. ఎంత మేరకు పనికొస్తాయన్న అంచనానే తప్పుతోంది. నిజం చెప్పింది మళ్లీ నియంత్రణ సంస్థ ఫైలే.

ప్రకటన పెడితే చదివేవాడు జాగ్రత్త పడతాడు కదా అన్నది మామూలు నమ్మకం. దీన్ని పరీక్షించినవాళ్లూ ఉన్నారు. కెయిన్, లోవెన్‌స్టీన్, మూర్ 2005లో ఒక ప్రయోగం చేశారు. గాజు సీసాలో నాణేల విలువను దూరం నుంచి ఊహించేవాళ్లు కొందరు, వాళ్లకు సలహా చెప్పేవాళ్లు కొందరు. ఊహ ఎంత పెరిగితే సలహాదారుకు అంత డబ్బు. ఈ ఏర్పాటు ముందే చెప్పేసినప్పుడు సలహాదారులు అంకెను ఇంకా పెంచి చెప్పారు, వినేవాళ్లు తగినంతగా తగ్గించుకోలేదు. నేను ముందే చెప్పాను కదా, ఇక నీ జాగ్రత్తలో నువ్వుండు అన్న భావం సలహాదారుకు స్వేచ్ఛ ఇచ్చినట్టుంది. ఇది గదిలో చేసిన ప్రయోగం, వైద్యం కాదు అనొచ్చు. వైద్యంలో చేసిందీ ఉంది. ఆనల్స్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్ జర్నల్‌లో 1,480 రాతప్రతుల మీద వచ్చిన సమీక్షలను యాదృచ్ఛికంగా విభజించారు. కొందరు సమీక్షకులకు రచయితల విరుద్ధ ప్రయోజనాలు చూపించారు, కొందరికి చూపించలేదు. 2019లో బీఎంజేలో వచ్చిన ఫలితం ప్రకారం, సమీక్షకులు ఇచ్చిన మార్కుల్లో తేడా ఏమీ లేదు.

మరోవైపు 2012లో కెసెల్‌హైమ్ బృందం చేసిన ప్రయోగంలో, కంపెనీ డబ్బుతో చేసిందని చెబితే డాక్టర్ల నమ్మకం తగ్గింది. కానీ పరిశోధన పకడ్బందీగా చేసినా, అరకొరగా చేసినా ఒకే తీరున తగ్గింది. ఈ మూడు ఫలితాలూ కలిపి చూస్తే, ప్రకటన ఒకసారి పనిచేయదు, మరోసారి మంచిదాన్నీ చెడ్డదాన్నీ కలిపి నరుకుతుంది. రెండు విధాలా చదివేవాడికి కావలసిన వివేచన అందదు.

జర్నల్స్ కూడా ఈ లెక్కలో బయటివాళ్లు కావు. ఒక పేపర్ కంపెనీకి అనుకూలంగా వస్తే, డాక్టర్లకు పంచడానికి కంపెనీ దాని పునర్ముద్రణ ప్రతులు కొంటుంది. విగర్ పేపర్ ప్రతులు తొమ్మిది లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. జర్నల్‌కు దాదాపు ఏడెనిమిది లక్షల డాలర్లు వచ్చి ఉంటాయని బీఎంజే మాజీ సంపాదకుడు రిచర్డ్ స్మిత్ 2006లో అంచనా వేశారు. 2010లో లుంద్ బృందం చూపిన లెక్కలో లాన్సెట్ ఆదాయంలో 41 శాతం, బీఎంజే ఆదాయంలో 3 శాతం పునర్ముద్రణ ప్రతులదే. సంపాదకుడు ఎంత నిష్పాక్షికంగా ఉన్నా, ఆయన కూర్చున్న సంస్థకు ఆ పేపర్ అచ్చయితేనే లాభం. ఇంతకంటే ముదిరిన సంగతి 2009లో ఆస్ట్రేలియా కోర్టులో వయాక్స్ దావా నడుస్తుండగా బయటపడింది. ఎల్సెవియర్ సంస్థ మెర్క్ డబ్బుతో ఎముకలు, కీళ్ల వైద్యం పేరిట ఒక ప్రచురణను జర్నల్ రూపంలో తెచ్చింది. అందులో ఎక్కువగా ఉన్నవి మెర్క్ మందులకు అనుకూలమైన వ్యాసాలు, ఎక్కడా ఆ డబ్బు మాట లేదు. ఇలాంటివి మొత్తం ఆరు తెచ్చామని సంస్థ తర్వాత ఒప్పుకుంది.

మందుల కంపెనీలే ఇలా చేస్తాయనుకుంటే పొరపాటు. 1967లో గుండెజబ్బుకు కొవ్వే ప్రధాన కారణమని, చక్కెర పాత్రను తగ్గించి చూపుతూ హార్వర్డ్ పరిశోధకులు రాసిన సమీక్షకు చక్కెర పరిశ్రమ 6,500 డాలర్లు ఇచ్చింది. ఇది 2016లో లైబ్రరీల్లో ఉన్న పాత ఉత్తరాల ద్వారా తెలిసింది. టీకాలకు ఆటిజంతో ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ 1998 పేపర్ వెనక, టీకా కంపెనీల మీద దావా వేయబోతున్న న్యాయవాదుల డబ్బు ఉంది. లాన్సెట్ దాన్ని 2010లో ఉపసంహరించుకుంది.

మన దగ్గర ఈ ప్రశ్న భద్రాచలం మన్యంలో ఎదురైంది. 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. గుజరాత్‌లో వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. నడిపింది పాథ్ అనే అమెరికా సంస్థ, డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకాలు ఉచితంగా ఇచ్చింది తయారీ కంపెనీలు, భాగస్వామి భారత వైద్య పరిశోధన మండలి. ఏడుగురు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ సంఘం తేల్చలేదు. పాముకాటు, నీట మునగడం వంటి వేరే కారణాలు అందులో ఉన్నాయి.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక అడిగిన ప్రశ్నలు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. ఇంట్లో అమ్మానాన్నలు ఉన్న పిల్ల తరఫున, టీకా ఏమిటో ఆ తల్లిదండ్రులకు తెలియకుండానే, వార్డెన్ ఒప్పుకుంది. ఆ పిల్లల్లో చాలామంది గిరిజన బాలికలు. టీకాకు దేశంలో అనుమతి రాకముందే, 2007లోనే, వైద్య పరిశోధన మండలి పాథ్‌తో ఒప్పందం కుదుర్చుకోవడాన్ని సంఘం తప్పుపట్టింది. ఈ టీకా జాతీయ కార్యక్రమంలో చేరితే ఏటేటా వచ్చే అమ్మకాల లాభం కంపెనీలదేనని ఎత్తిచూపింది. ఇది ట్రయల్ కాదు, పరిశీలన ప్రాజెక్టు అన్న పాథ్ వాదనను సంఘం ఒప్పుకోలేదు.

ఇందులో నాకు బాగా మనసుకు తగిలే విషయం ఒకటుంది. ఆ టీకా పనిచేస్తుంది. స్వీడన్‌లో 16 లక్షల మందికి పైగా స్త్రీలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, 17 ఏళ్లలోపు టీకా వేయించుకున్నవారిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 88 శాతం తగ్గింది. ఫలితం నిజమైనా సరే, దాన్ని తెచ్చిన తీరులో విరుద్ధ ప్రయోజనాలు కమ్ముకుంటే, ఆ నిజాన్ని నమ్మే బలం జనానికి పోతుంది. మన్యంలో ఆ నష్టాన్ని ఏ పట్టికలోనూ వేయలేం.

తర్వాత మన దేశంలో నియమాలు పెరిగాయి. డాక్టర్లు కంపెనీల నుంచి బహుమతులు, ప్రయాణ ఖర్చులు, విందులు తీసుకోకూడదని 2009 డిసెంబరులో భారత వైద్య మండలి నిబంధన తెచ్చింది. 2022 ఫిబ్రవరిలో అపెక్స్ ల్యాబొరేటరీస్ కేసులో, డాక్టర్లకు ఇచ్చిన కానుకల ఖర్చు దాదాపు 4.72 కోట్ల రూపాయలకు ఆదాయపు పన్ను మినహాయింపు కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించి మూడు వారాలకే పక్కనపెట్టింది. 2024 మార్చిలో మందుల మార్కెటింగ్‌కు కేంద్రం ఏకరూప నియమావళి తెచ్చింది. అమెరికాలో కంపెనీలు ఏ డాక్టర్‌కు ఎంత ఇచ్చాయో పేరు కొట్టి చూసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. ఆ లెక్కలతోనే 2016లో డిజాంగ్ బృందం, సగటున 20 డాలర్లు కూడా చేయని భోజనం తిన్న డాక్టర్లు సైతం ఆ కంపెనీ బ్రాండ్‌ను ఎక్కువ రాస్తున్నారని చూపింది. అది సంబంధమే, కారణమని రుజువు కాదు. కానీ అలా చూడడానికైనా లెక్క బయట ఉండాలి. మన దగ్గర అలాంటి జాబితా లేదు.

నావరకు మొదట కావలసింది జాబితా కంటే ముడి సమాచారం. కంపెనీ డబ్బుతో చేసిన ప్రతి ట్రయల్ ప్రణాళిక, పేరు తీసేసిన రోగుల రికార్డులు బయటి విశ్లేషకులకు అందాలి. అది ఒప్పుకోని పేపర్‌ను జర్నల్ తీసుకోకూడదు. ఈలోగా చేయదగ్గ పని ఒకటుంది. దేశంలో క్లినికల్ ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలని 2009 జూన్ 15 నుంచి నియమం ఉంది. ఏ ఫలితాన్ని ప్రధానమని ముందు చెప్పారో, ఎందరిని చేర్చుకుంటామన్నారో, డబ్బు ఎవరిదో అక్కడ ఎవరైనా చదవొచ్చు. కొత్త మందు గురించి రాసే విలేఖరి, పీజీ విద్యార్థి, ఆసుపత్రి మందుల కమిటీ ఆ నమోదును, అచ్చయిన పేపర్‌ను పక్కపక్కన పెట్టుకుని ప్రధాన ఫలితం మారిందా లేదా చూడాలి. 329వ అధ్యయనంలో ఎనిమిది ఫలితాలు ముందే కాగితం మీద ఉన్నాయి. వాటిని 2001 పేపర్‌తో పోల్చే వీలు బయటివాళ్లకు అప్పుడు లేదు.